కెప్టెన్ గారి మీద వడియాలు

సామర్లకోట శివార్లలో ఇంగ్లిషు సిపాయిల సమాధుల తోట ఉంది. దాని తాళంచెవి సంపూర్ణమ్మ బొడ్డున ఉంటుంది. మొగుడు పోయాక చర్చి సంఘ పెద్దలు ఆ కాపలా పనీ, గేటు పక్క గదీ ఆవిడకిచ్చారు. జ్వరాలకీ, గుండ్లకీ పడుచువయసులో పోయిన ఆ కుర్రాళ్ళంటే ఆవిడకు జాలే గాని భయం లేదు. పొద్దున్నే ఊడుస్తూ, ఇన్ని ఆకులు ఎవర్రా రాల్చిందని వాళ్ళని కసురుతుంది కూడా.

వాకిట్లో వడియాలు పెడితే కోళ్ళు బతకనివ్వవు. తోటలో కెప్టెన్ సమాధి మీది నల్లరాతి పలకేమో మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. గేటుకి తాళం. ఇంకేం కావాలి?

సంఘ కార్యదర్శి సుకుమార్‌కు ఈ సంగతి తెలిసింది. ఆ ఉద్యోగం తన తమ్ముడికి ఇప్పించాలని ఆయన ఎప్పట్నుంచో చూస్తున్నాడు. సైనికుల సమాధుల సంరక్షణ చూసే సంస్థ నుంచి జయపాల్ గారు తనిఖీకి వస్తే, మే నెల మిట్టమధ్యాహ్నం నేరుగా కెప్టెన్ దగ్గరికి తీసుకొచ్చాడు.

"చూడండి సార్, గుమ్మడి వడియాలు."

గదీ, బతుకుతెరువూ రెండూ పోయాయనుకుంది సంపూర్ణమ్మ.

జయపాల్ గారు గుడ్డ కొస ఎత్తారు. పేరూ, పటాలమూ, ఇరవై నాలుగేళ్ళ వయసూ అద్దంలా కనిపించాయి. చుట్టుపక్కల పలకలన్నీ పాచిపట్టి ఉన్నాయి.

"దీన్నెవరు కడుగుతారమ్మా?"

"నేనేనండి. కొబ్బరిపీచు, మంచినీళ్ళు. సబ్బు పెడితే వడియాలు వాసనేస్తాయండి."

ఆయన దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకున్నారు. ముందు వడియాలు తీసెయ్యమన్నారు. నెల తిరిగేసరికి పలకలన్నీ ఇలాగే ఉండాలనీ, లేకపోతే మనిషిని మార్పిస్తాననీ చెప్పి వెళ్ళారు.

అన్ని పలకలు తోమడానికి సంపూర్ణమ్మ మోకాళ్ళు సహకరించవు. అందుకని వీధిలో ఆడవాళ్ళకు కబురు పెట్టింది: ఎవరు తోమిన పలక ఈ ఎండాకాలం వాళ్ళదే. లెఫ్టినెంట్ మీద ఊరమిరపకాయలు, సార్జెంట్ మీద సగ్గుబియ్యం వడియాలు వెలిశాయి. అన్నిటికన్నా వెడల్పయిన కల్నల్ పలకను మాత్రం ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు. సుకుమార్ భార్య రూబీ మామిడి తాండ్రకు చోటు వెతుక్కుంటోందని ఆవిడకు తెలుసు.

జయపాల్ గారు మళ్ళీ వచ్చే రోజు చాపలూ గుడ్డలూ అన్నీ గదిలోకి చేరాయి. తోట మెరిసిపోతోంది. ఎవరి శ్రమ ఇదని ఆయన అడిగితే, సంపూర్ణమ్మ సుకుమార్ వైపు చూసింది.

"సంఘంలో ఆడవాళ్ళ భక్తండి," అన్నాడు సుకుమార్ నేలచూపులు చూస్తూ.

జయపాల్ గారు కల్నల్ పలక అంచున ఎండిన పసుపుపచ్చ చుక్కను గోటితో గీకి, వాసన చూశారు.

"ఏం మామిడండి ఇది?"

"చిన్నరసాలండి," అనేశాడు సుకుమార్.

జయపాల్ గారు ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసి, మనిషిని మార్చే పనేం లేదన్నారు.