లైనులో తెలుగు మానేసిన రోజు

వేలూరు దగ్గర షూ కంపెనీలో కుట్టు లైనుకు నన్ను సూపర్‌వైజర్‌ని చేసినప్పుడు నేను చేసిన మొదటి పని తెలుగు మానేయడం. మానేయమని ఎవరూ చెప్పలేదు. మా గుడియాత్తంలో ఇంట్లో తెలుగు, బ్యాంకులో, ఆఫీసుల్లో తమిళం. పెద్దరికం తమిళంలోనే ఉంటుందని నా మట్టిబుర్రకు తోచింది.

లైనులో సగం మంది మా తెలుగువాళ్ళే. అందరికన్నా పెద్దది మా వీధి అక్క. నాకు మిషను నేర్పింది ఆమే. "భయపడబాకమ్మా, సూదిని చూడు, కాలు మెల్లిగా తొక్కు" అని పక్కనే నిలబడేది. కంపెనీ బస్సులో పక్కపక్కన కూర్చుని వచ్చేవాళ్ళం. మధ్యాహ్నం ఆమె పులుసు నా అన్నంలో పడేది. అలాంటి మనిషితో, సూపర్‌వైజర్‌నైన మొదటి రోజే, "కొంచెం వేగంగా కానీండి" అని తమిళంలో అన్నాను. ఆమె ఒక్కసారి నా ముఖం చూసి, "సరింగ మేడమ్" అని తమిళంలోనే సరేనంది. నాకు గర్వంగానే ఉండింది, అబద్ధమెందుకు.

తర్వాత శిక్షణకు పంపారు. అక్కడ చెప్పినట్టు రోజూ పొద్దున అందరినీ నిలబెట్టి, ఇబ్బందులేమైనా ఉన్నాయా అని తమిళంలో అడిగేదాన్ని. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. అందరూ "సరింగ మేడమ్". బస్సులో నా పక్క సీటు ఖాళీ. అన్నం ఒక్కదాన్నే తినేదాన్ని. సహించలేనంత ఒంటరితనం, దానికి నేను పెట్టుకున్న పేరు క్రమశిక్షణ.

ఒక వారం అక్క కుట్టిన జతలన్నీ వెనక్కి వచ్చాయి. కుట్టు గీత దాటిపోయింది. పిలిచి అడిగితే, ఇకమీద జాగ్రత్తగా కుడతానంది. మర్నాటి నుంచి రాలేదు. ఆమె కంట్లో పొర కమ్మిందని, సూది సరిగా కనపడడం లేదని లైనంతటికీ తెలుసట, నాకు తప్ప. తెలిసుంటే ప్యాకింగ్‌కు మార్చేదాన్ని. అది నా చేతిలో పని. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. "నాకేల చెప్పలేదక్కా? ప్యాకింగ్‌లో చోటుండాది, వచ్చెయ్యి" అన్నాను. ఎన్నో నెలల తర్వాత ఆమెతో తెలుగు మాట. ఆ ఇంట్లో నేనెప్పుడూ నేల మీదే కూర్చునేదాన్ని. ఆమె లోపలినుంచి కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి, "ఉక్కారుంగ మేడమ్" అని తమిళంలో కూర్చోమంది. కూర్చున్నాను.

అక్క పనిలోకి వచ్చింది. నేనిప్పుడు లైనులో తెలుగువాళ్ళను తెలుగులోనే అడుగుతాను. ఒంట్లో బాగాలేకున్నా, మిషను మొరాయించినా వచ్చి చెబుతున్నారు. వెనక్కొచ్చే జతలు తగ్గాయి, పైవాళ్ళు మెచ్చుకున్నారు.

రోజూ బస్సెక్కగానే "తిన్నావా అక్కా?" అని అడుగుతాను. "సాప్పిట్టేన్ మేడమ్" అని తమిళంలోనే తిన్నానని చెప్పి, ఆమె వెనక సీటుకు వెళ్ళిపోతుంది.