పందుల మైకులో నాయన గొంతు

సాయంత్రం తమ్ముడు ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి ఇంటికొచ్చీ రాంగానే ఫోన్లో ఒక వీడియో చూపించినాడు. ఎవరో తెల్లాయన, అడవికి పోయేటప్పుడు నడుముకు ఏ పిస్తోలు కట్టుకోవాలో చెప్తాండాడు. ఎలుగుబంటికైతే ఏది, వేటకైతే ఏది అని.

"అన్నా, ఈ చిన్నది బాగుండాది. ఇది కట్టుకుంటే చేనికాడికి ధైర్యంగా పోవచ్చు."

"మనకు లైసెన్సు యాడిస్తార్రా? అడివిపందిని కొడితే కేసు వేరే" అన్నాను.

వాడు వినలేదు. సెల్లు కొనేటప్పుడు చూసినట్లు ఒక్కొక్కటే చూస్తాండాడు. నాయన చనిపోయినప్పటి నుంచి చేనికి కాపలా లేదు. నిన్న పందులు చెనక్కాయ చెట్లు సగం పెళ్లగించి పోయినాయి.

చివరికి ఇద్దరం చేనికి పోయినాం. పందుల్ని బెదిరించడానికి నాయన హిందూపురంలో కొన్న మైకు ఆడే ఉండాది. అందులో అరుపులు రికార్డు చేసింది ఆయనే అని స్విచ్ వేసినాకే గుర్తొచ్చింది.

"హోయ్! ఎవుర్రా ఆడ? రావల్లా నేను?"

నాకు ఏడుపు రాలేదు. ఏమీ అనిపించలేదు. బ్యాటరీ మీద పచ్చ లైటు వెలుగుతాంటే దాన్నే చూస్తా నిలబడినా. తమ్ముడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"సౌండు తగ్గించన్నా. ఇంటికాడ అమ్మకు వినపడుతుంది."

తగ్గిస్తే పందులొస్తాయి. మీరైతే ఏం చేస్తారో చెప్పండి. మేమైతే తగ్గించకుండానే వచ్చేసినాం.

ఇంటికొస్తే అమ్మ టీవీ ఆపేసి, వాకిట్లో చేను దిక్కు తిరిగి కూర్చోనుండాది.