మూడో నీళ్లు, అమరావతి బస్సు

ఈ ఉదయం నరసరావుపేటలో మా మనవరాలు చదివే బడి నుంచి ఫోనుకు సందేశం వచ్చింది: విహారయాత్రకు వచ్చే పిల్లలకు జ్వరం గాని, ఒంటిమీద పొక్కులు గాని ఉంటే ముందుగా తెలియజేయండి, అని. చదవగానే నాలో పాత అసూయ ఒళ్లు విరుచుకుని లేచింది. దాని సంగతి చెప్పేముందు, తెలిసినదాన్నీ విన్నదాన్నీ వేరుచేయడం నా అలవాటు. గురజాల దగ్గర నేను పనిచేసిన ప్రాథమిక పాఠశాల నుంచి పిల్లల్ని అమరావతి తీసుకెళ్లిన మాట నిజం. బస్సు మెట్ల దగ్గర ఒక పిల్లవాణ్ణి నేను ఆపిన మాటా నిజం. అప్పటికి ఊళ్లో కొన్ని ఇళ్లలో ఆటలమ్మ పోసిందన్నది మాత్రం వినికిడి; ఏ ఇంటివారూ నాతో ఆ మాట అనలేదు.

అనకపోవడానికి కారణం ఉంది. మా వైపు ఆటలమ్మను జబ్బు అనరు, అమ్మవారు వచ్చిందంటారు. గుమ్మానికి వేపమండలు కడతారు, ఇంట్లో తాలింపు వేయరు, పొక్కులు తగ్గుముఖం పట్టాక పసుపు, వేపాకు కలిపిన నీళ్లు మూడు విడతలుగా పోస్తారు. మూడో నీళ్లు పోశాకే బిడ్డను గడప దాటనిస్తారు. నేనేమో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో, ఈ అంటువ్యాధి సోకినవారు పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేవరకు యాత్రకు అనర్హులని, బస్సు కిటికీలోంచి తలలు, చేతులు బయట పెట్టరాదని, ప్రతి వాక్యాన్నీ పుస్తకంతో సరిచూసి మరీ పంపాను. ఒక్కరూ బదులివ్వలేదు.

ఆ సాయంత్రమే నా తోటి టీచరమ్మ తన గొంతుతో ఒక మాట రికార్డు చేసి పెట్టింది. అమ్మవారు వచ్చిన ఇంటి పిల్లల్ని మూడు నీళ్లు పోసేదాకా పంపొద్దు, అంతే. క్షణాల్లో ‘సరే అక్కా’, ‘అట్టాగే అక్కా’ అంటూ గ్రూపు నిండిపోయింది. ఆమె వాళ్లకు అక్క, నేను సార్. ఇందులో పరిశోధించవలసిందేమీ లేదు గాని, ఆ రాత్రి ఆమె మాటను తప్పు కోసం నాలుగైదుసార్లు విన్నాను. కనబడలేదు.

మా భయమంతా మా బడిలో రెండో తరగతి చదివే ఒక పాప గురించి. రక్తంలో ఏదో జబ్బుకు గుంటూరులో మందులు వాడేది. ఆ మందులతో ఒంట్లో జబ్బును తట్టుకునే శక్తి తగ్గుతుంది. ఆటలమ్మ సోకితే ప్రాణం మీదికి రావచ్చు. పాపను నలుగురిలోకి పంపవచ్చు గాని, పొక్కులున్నవాళ్ల దరికి చేర్చవద్దని అక్కడి డాక్టరు చెప్పారట. పంపనా వద్దా అని వాళ్ల నాయనమ్మ అడిగింది కూడా టీచరమ్మనే. సైన్సు చదువుకున్న సారును నేను బడిలోనే ఉన్నాను.

బయలుదేరే ఉదయం, పాప అప్పటికే నాయనమ్మతో బస్సులో ముందు సీట్లో కూర్చుని ఉంది. మెట్ల దగ్గర నేను ప్రతి పిల్లవాడి చేతులూ చూసి పైకి పంపుతున్నాను. ఒక మిరప రైతు తన మూడో తరగతి కొడుకును తీసుకొచ్చాడు. తల తడి ఆరలేదు, నుదుట పసుపు. చొక్కా చెయ్యి పైకెత్తి చూస్తే, పొక్కులు ఇంకా నీరు పట్టే ఉన్నాయి. యాత్ర తప్పిపోతుందని మూడు నీళ్లూ ముందుకు జరిపి, ఒకదాని వెంట ఒకటి పోసేశారు. టీచరమ్మ మాటలో నేను వెతికిన తప్పు అక్కడ దొరికింది. సంతోషించాను కూడా, దాచుకోవడం ఎందుకు.

పొక్కు తడిగా ఉన్నంతకాలం ఎలా అంటుకుంటుందో వివరించి చెప్పాను. ఆయన కదల్లేదు.

“మూడు నీళ్లు పోశాం గద సార్. అక్కే జెప్పింది. ఇంకేంది?”

టీచరమ్మ బస్సు దిగి వచ్చింది, పిల్లవాడి చెయ్యి చూసింది.

“తమ్ముడూ, అమ్మవారు ఇంకా నీ ఇంట్లోనే ఉంది. ఆమెను వదిలేసి పిలగాణ్ణి దీసుకుని ఎట్టా బయల్దేరావు? పో, ఇంటికి పో.”

ఆయన లెంపలేసుకుని, ఏడుస్తున్న కొడుకును భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నాది రుజువున్న మాట, ఆమెది లేని మాట. పని చేసింది ఆమెది. బస్సు కదిలాక ఆమె నన్నడిగి, చెక్కు కట్టాకే మూడో నీళ్లు అని సరిచేసి మళ్లీ రికార్డు చేసింది. నా వాక్యం ఆమె గొంతులో వెళ్లింది. మళ్లీ ‘సరే అక్కా’లే వచ్చాయి.

పాపకు ఏమీ కాలేదు. ఇప్పుడు హైస్కూల్లో ఉంది. ఒక్క ప్రశ్న మాత్రం నాకు తేలలేదు. టీచరమ్మ దిగి రాకపోతే, ఇంకాసేపటికి ఆయన నా మాట విని ఉండేవాడా? తేల్చాలంటే ఆమె లేకుండా ఆ ఉదయాన్ని మరొకసారి జరిపి చూడాలి. ఏ ప్రయోగాన్నయినా రెండోసారి చేసి చూడమని పిల్లలకు నేర్పినవాణ్ణి; గడిచిన కాలం దగ్గర ఆ నియమం సాగదు.