మార్చిన మొలకలు

బడిలో పిల్లలందరికీ అతను సీసాల బాబాయి. సైన్సు గదిలో గాజు సామాను కడగడం, ద్రావణాలు కలపడం, ప్రయోగాలకు కావలసినవి బల్ల మీద సర్దడం అతని పని. చదువు పదో తరగతితో ఆగిపోయినా, ఇరవై ఏడేళ్లు అదే గదిలో తిరిగినవాడు కాబట్టి ఏ సీసాలో ఏముందో చీటీ చూడకుండా చెప్పేవాడు. కొత్త టీచర్లకు ప్రయోగం కుదరకపోతే, పిల్లలు వెళ్లాక మెల్లగా అతన్నే అడిగేవారు.

"యాసిడ్‌లో నీళ్లు పొయ్యకూడదమ్మా. యాసిడ్‌నే నీళ్లలోకి కొంచెం కొంచెంగా దించాలి. దానిది మా ఆవిడ కోపం. మనమే తగ్గి వెళ్లాలి" అని నవ్వేవాడు.

ఆ ఏడాది సైన్సు ప్రదర్శనకు ఒకే విషయం ఇచ్చారు: సోయా గింజ. రెండు వారాలపాటు గదంతా నానిన గింజల పచ్చివాసన. ఒక జట్టు పిల్లలు సోయా పాలు తీసి నిమ్మరసంతో విరగ్గొట్టారు. ఇంకొకరు సోయా పిండితో జిగురు చేసి, చెక్కముక్కలు అతికించి, వాటికి ఇటుకలు వేలాడదీశారు. మసీ సోయా నూనే కలిపి సిరా చేసినవాళ్ల చొక్కాలు చూసి వాళ్ల అమ్మలు బడికి వచ్చి మరీ పోట్లాడారు.

ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె మాత్రం ఎవరి జట్టులోనూ చేరలేదు. ఆ పిల్ల నోరు తెరిస్తే ప్రశ్నే. ఏ నీళ్లకు సోయా గింజ బాగా మొలకెత్తుతుందో చూస్తానంది. నాలుగు గాజు పళ్లాల్లో తడి దూది పరిచి, పళ్లానికి పది గింజలు పెట్టింది. ఒకదానికి ఇంటి నీళ్లు, ఒకదానికి వాన నీళ్లు, ఒకదానికి కాచి చల్లార్చిన నీళ్లు, నాలుగోదానికి బడి కుళాయి నీళ్లు. రోజూ ప్రతి వేరునూ స్కేలుతో కొలిచి, నోటు పుస్తకంలో బొమ్మ గీసి, పక్కన పొడవు రాసేది.

ఐదో రోజుకు మూడు పళ్లాల్లో వేళ్లు వేలెడు పొడవు సాగాయి. నాలుగో పళ్లెంలో తెల్లగా కాస్త బయటికొచ్చి ఆగిపోయాయి. కొసలు గోధుమరంగుకు తిరిగి మొద్దుబారాయి. పిల్ల మళ్లీ మొదటినుంచీ పెట్టింది. మళ్లీ అంతే.

"బాబాయ్, నా చెయ్యి మంచిది కాదా?" అంది ఏడుపు గొంతుతో.

అతను పళ్లెం చేతిలోకి తీసుకుని వెలుతురులో చూశాడు. రాగి తగిలిన వేళ్లు ఇలాగే మొద్దుబారతాయని అతనికి తెలుసు.

రెండు నెలల కిందట బడి నీళ్ల పంపు చూసే అతను వచ్చి, "అన్నా, నీళ్ల తొట్టిలో పాచి పట్టేస్తోంది, ఎంత గీకినా పోవట్లేదు. నీ దగ్గర మందేమైనా ఉందా?" అని అడిగాడు. సీసాల బాబాయి బీరువాలోంచి మైలుతుత్తం సీసా, ఆ నీలం రంగు రాగి ఉప్పు, తీసి ఇచ్చాడు. "చిటికెడే వెయ్యి తమ్ముడూ" అన్నాడు. రిజిస్టరులో రాయలేదు. అది తాగే నీళ్ల తొట్టేనా అని అడగనూ లేదు. ఈమధ్య పిల్లలు నీళ్లు ఇత్తడి చెంచా నాకినట్టున్నాయంటే పెద్దవాళ్లు పళ్లు సరిగ్గా తోముకోమన్నారు. కడుపునొప్పి అంటే పొద్దున తినకుండా వచ్చారని తిట్టారు. తిట్టినవాళ్లలో అతనూ ఉన్నాడు.

అతను పంపు గదికి పరిగెత్తాడు. సీసా దాదాపు ఖాళీ.

"చిటికెడు వేస్తే వారం తిరక్కుండానే పాచి వస్తోందన్నా. అందుకే గుప్పెడు వేస్తున్నా" అన్నాడు పంపు అతను, ఏమీ తెలియని ముఖంతో.

సీసాల బాబాయి తాగే కుళాయిల మీట కట్టేసి పెద్ద మేడమ్ గదికి వెళ్లాడు. నాలుగో పళ్లెంలో మొలకలు ఆగిపోయిన సంగతీ, తొట్టిలో మైలుతుత్తం కలిసిన సంగతీ చెప్పాడు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ముఖం పాలిపోయింది.

"ఎవరిచ్చారు వాడికి?"

అతను తల దించుకుని చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. ఆవిడ రెట్టించలేదు.

"ఆదివారం తొట్టి ఖాళీ చేయించి కడిగిద్దాం. రేపు ప్రదర్శన, ఊళ్లో వాళ్లంతా వస్తారు. ఇప్పుడు నలుగురి నోళ్లలో పడితే బడి మూసుకోవాలి. ఆ పాప పళ్లెం... మీరే ఏదో ఒకటి చూడండి."

అతను చూశాడు. పిల్ల ఎందుకైనా మంచిదని ఇంటి నీళ్లతో ఇంకో పళ్లెం పెంచింది. అందులోంచి పది మొలకలు తీసి నాలుగో పళ్లెంలో సర్దాడు. ముడుచుకుపోయిన పదింటినీ కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు.

ఇంట్లో కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టని భర్తను చూసి భార్య నిలదీసింది. చెప్పక తప్పలేదు.

"ఆ పిల్ల కొలతలు రాసుకుందా?" అంది ఆవిడ.

"రోజూ రాసుకుంది."

"మరి గింజలు మార్చారు గానీ, రాసినదాన్ని ఏం చేస్తారండీ?"

మర్నాడు హాలు కిటకిటలాడింది. మొలకల పిల్ల తన బల్ల దగ్గరికి వచ్చి, నాలుగో పళ్లెం చూసి, నోటు పుస్తకం తెరిచి చూసుకుంది. తర్వాత తలెత్తి సరిగ్గా అతనివైపే చూసింది. రాత్రి పళ్లాలు ఉన్న సైన్సు గది తాళంచెవి ఉన్నది అతనొక్కడి దగ్గరే.

వ్యవసాయ కళాశాల నుంచి మార్కులు వెయ్యడానికి వచ్చిన పెద్దావిడ ఆ బల్ల దగ్గర ఆగింది. "నాలుగూ బాగానే వచ్చాయే. అయితే ఏ నీళ్లయినా ఒకటేనంటావా?"

"ఇవి నా గింజలు కావండీ" అంది పిల్ల.

పెద్ద మేడమ్ చప్పున అందుకుంది. "భయపడుతోంది పాపం. మొదటిసారి కదా."

పిల్ల పెదవులు బిగించింది. అతను కుక్కిన పేనులా గోడవార నిలబడ్డాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. వరండాలో కుళాయిలు పారుతున్నాయి. వచ్చినవాళ్లకు నీళ్లు లేకపోతే ఎలా అని ఎవరో మీట తిప్పేశారు. ఒకటో తరగతి పిల్లలు వరసకట్టి దోసిళ్లతో తాగుతున్నారు.

అతను జనాన్ని తోసుకుంటూ వెళ్లి మీట కట్టేశాడు. "ఉమ్మెయ్యండి, ఉమ్మెయ్యండి!" అని అరిచాడు. హాల్లోవాళ్లంతా గుమ్మాల దగ్గరికి వచ్చారు. జేబులోంచి కాగితం తీసి ఆ పెద్దావిడ చేతిలో పెట్టాడు.

"పాప గింజలు ఇవండీ. మార్చింది నేను. తొట్టిలో వెయ్యడానికి మైలుతుత్తం ఇచ్చిందీ నేనే. పాప లెక్కలో తప్పు లేదు."

ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని మోడు వేళ్లను చాలాసేపు చూసింది. పిల్ల నోటు పుస్తకం అడిగి తీసుకుంది.

నీళ్లు పరీక్షకు పంపారు. తాగే నీళ్లలో ఉండదగినదానికి మూడింతలకు పైగా రాగి ఉందని తేలింది. తొట్టి కడిగారు, పిల్లలందరికీ వైద్య పరీక్షలు చేశారు. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. పెద్ద మేడమ్‌ను వేరే బడికి మార్చారు. అతన్ని రిటైరయ్యే వయసుకు రెండేళ్ల ముందే ఇంటికి పంపేశారు. పళ్లెం మారిపోయిందని పిల్లకు బహుమతి రాలేదు. తాళంచెవి అప్పగించడానికి వెళ్లినరోజు ఆ పిల్ల గుమ్మంలో ఎదురైంది.

"గింజలు మార్చేముందు మీరు నన్ను అడగాల్సింది బాబాయ్" అంది. "నేనూ భయపడేదాన్నే. కానీ అడగాల్సింది."

"అవునమ్మా" అన్నాడు.

పంపు అతని పనీ పోయింది. సీసాల బాబాయి వెతుక్కుంటూ వాళ్లింటికి వెళ్లాడు. గుమ్మంలో పాత మోటారు విప్పుకుంటున్న మనిషి లేవలేదు, కూర్చోమనీ అనలేదు.

"గుప్పెడు వెయ్యడం నా తప్పే. కాదనను. కానీ అది విషమని ఒక్క మాట చెప్పాల్సింది గదన్నా" అన్నాడు. "నేను చదువుకోలేదు. నువ్వు సైన్సు గదిలో మనిషివి."

సీసాల బాబాయి మోటారుకు ఇవతల నేల మీద కూర్చున్నాడు. ఎండ గుమ్మంలోకి వచ్చింది. పంపు అతను మరలు ఒక్కొక్కటే తీసి, కిరసనాయిల్లో వేస్తూ పోయాడు.