ఇమ్రాన్ సైకిల్ చప్పుడు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. ఖమ్మంలో హాస్టల్ రోజుల్లో ఎవరైనా ఆ కబుర్లు మొదలెడితే దుప్పటి తీసుకుని పక్క గదికి వెళ్ళిపోయేవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. అందుకే ఇది రాయాల్సి వస్తున్నందుకు కూడా కోపంగానే ఉంది.

నేనూ ఇమ్రానూ జర్మనీలో, బ్యోబ్లింగెన్‌లో మూడేళ్ళు ఒకే ఫ్లాట్‌లో ఉన్నాం. వాడిది హైదరాబాద్, మలక్‌పేట. స్కాట్లండ్ వెళ్ళి అక్కడి చిన్న చిన్న ఊళ్ళన్నీ సైకిళ్ళ మీద తిరగాలని ఏడాదిగా ఇద్దరి ప్లాను. అక్కడ ఎప్పుడూ వానేనట. అందుకని వాన పడ్డ ప్రతి శనివారం ఇక్కడి ఊళ్ళు తిరుగుతూ ప్రాక్టీసు చేసేవాళ్ళం.

ఆ శనివారం హెరెన్‌బెర్గ్ మీదుగా నాగోల్డ్‌కి బయల్దేరాం. వెళ్తూ వెళ్తూ పోస్టు డబ్బాలో ఉన్న ఉత్తరం బ్యాగులో పడేశాను. హెరెన్‌బెర్గ్‌లో ఒక చూరు కింద ఆగినప్పుడు విప్పి చూశాను. ఇంటి ఓనర్ రాసింది. ఇమ్రాన్ ఇల్లు ఖాళీ చేస్తానని ఇచ్చిన క్యూండిగుంగ్, అదే నోటీసు, అందింది, ఇకమీద మీరొక్కరే ఉంటారా అని.

వాడికి ఎక్కడో దూరాన పాడర్‌బోర్న్‌లో ఉద్యోగం వచ్చిందట. ఓనర్‌కి చెప్పాడు, నాకు చెప్పలేదు. అడిగితే, నువ్వు బాధపడతావని ఆగానన్నాడు. ఆ మాటకి నా కోపం ఇంకా పెరిగింది. మూడేళ్ళు ఒకే కుక్కర్‌లో వండుకు తిన్నవాడు నోటీసు ఇచ్చేదాకా నోరు విప్పలేదంటే ఏమనుకోవాలి? అరుచుకుంటూనే ఊరు దాటాం. అడవి దగ్గర దారి రెండుగా చీలింది. వాడు అడవిలో పల్లం దారిన పోదామన్నాడు.

"నువ్వెట్లన్నా పో. నా ఎనక మాత్రం రాకు. ఇగ నీ మొహం సూడ" అని రోడ్డు దారి పట్టాను.

అయిదు నిమిషాలు కాకముందే వెనక చప్పుడు మొదలైంది. టక్, టక్, టక్. వాడి సైకిల్ వెనక మడ్‌గార్డ్ స్క్రూ ఊడిపోతే ప్లాస్టిక్ తాడు బిగించాడు. చక్రం తిరిగినప్పుడల్లా కొట్టుకునేది. బాగు చేయించమని నెలల తరబడి మొత్తుకున్నాను. బతిమాలడానికి వస్తున్నాడనుకున్నాను. రానీ, తడవనీ అనుకున్నాను. వెనక్కి తిరగలేదు.

నేను ఆగితే చప్పుడు ఆగేది. తొక్కితే మొదలయ్యేది. ఒక పల్లెలో బేకరీ కనిపిస్తే కాఫీకి ఆగాను. కౌంటర్ వెనకున్న పెద్దావిడ కిటికీ వైపు చూసి, పసుపు రెయిన్‌కోటులో మీ స్నేహితుడు వానలో నిలబడ్డాడు, లోపలికి పిలవండి అంది. ఇమ్రాన్ రెయిన్‌కోటు పసుపుది. నిలబడనివ్వండి అన్నాను. తల కూడా ఎత్తలేదు. ఆవిడ నన్ను అదోలా చూసింది.

నాగోల్డ్ వంతెన దగ్గరికి వచ్చేసరికి ఫోన్ మోగింది. అంబులెన్సు మనిషి. ఒక యువకుడు కాలువ గట్టు కింద పడి ఉన్నాడట. పర్సులో, ఆపదలో పిలవాల్సిన నంబరని నాది రాసి ఉందట. పేరు చెప్పాడు. పొరపడ్డారు, వాడు నా వెనకే ఉన్నాడన్నాను. అన్నప్పుడు కూడా చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఫోన్ వాడికే ఇద్దామని వెనక్కి తిరిగాను.

తడి రోడ్డు తప్ప ఎవరూ లేరు. చప్పుడూ ఆగిపోయింది.

మేం విడిపోయిన రెండు నిమిషాలకే, పల్లంలో తడి ఆకుల మీద జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఫోన్ ఎగిరి కాలువలో పడింది. కుక్కను తిప్పుతున్న ఒకావిడ చూసేదాకా గంటన్నర వానలో పడి ఉన్నాడు. సైకిల్ వాడి మీదే ఉంది. ముందు చక్రం రెండుగా మడుచుకుపోయింది.

నీ సైకిల్ చప్పుడే అయ్యుంటుందని ఆఫీసులో వాళ్ళు తేల్చేశారు. ఇలాంటివి తేల్చేసేవాళ్ళంటే ఇప్పుడు ఒళ్ళుమంట. నా సైకిల్‌ని వానలో ఎన్నిసార్లు తొక్కి చూసుకున్నానో వాళ్ళకేం తెలుసు. ఏ చప్పుడూ లేదు. బేకరీకి మళ్ళీ వెళ్ళి అడిగాను. ఆవిడకి బాగా గుర్తుంది. అతను షాపు వైపు కాదు, మీ వైపే చూస్తూ నిలబడ్డాడు అంది.

అదంతా ఆస్పత్రిలో ఇమ్రాన్‌కి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"నాకేం తెల్వద్ భాయ్. ఆడ పడి నిన్నే తిట్టుకుంటున్న. వీడు ఒక్కసారన్నా ఎనక్కి తిరిగి చూస్తలేడేంది అని."

నా వెనక వచ్చిందేమిటో నాకిప్పటికీ తెలియదు. దాని మీద నాకు ఏ కోపమూ లేదు. అది నన్ను పిలవాల్సినంతా పిలిచింది. ఇమ్రాన్ పాడర్‌బోర్న్ వెళ్ళిపోయాడు, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, ఆదివారాలు వాడే ఫోన్ చేస్తాడు. ఆ రోజు గురించి ఒక్క మాటా అనడు. అంటే బాగుండును.