పోతయ్య ఆగిన చోటు

పోతయ్యంటే నాకు కుళ్లు. ఈ మాట పదమూడేళ్లు కడుపులో పెట్టుకుని తిరిగాను, ఇక దాచి ఏం లాభం!

వాడిది దుమ్ముగూడెం అవతల అడవిలో కోయపల్లె. మా బొగ్గుబాయిలో బదిలీ కూలీగా చేరాడు. అంటే, పర్మినెంటు మనిషి రాని రోజునే వాడికి పని. పొద్దున్నే గేటు దగ్గర నిలబడేవాడు. పిలుపు లేకపోతే నవ్వుకుంటూ వెళ్లిపోయేవాడు. ఆ నవ్వు చూస్తేనే నాకు ఒళ్లుమంట.

నేను పర్మినెంటు. పైగా బాయివాళ్లు ఏటా పెట్టే గుట్టల పరుగులో వరసగా మూడేళ్లు ఫస్టు. గేటు నుంచి రెండు గుట్టలెక్కి, వాగులు దాటి, అడవి చుట్టి మళ్లీ గేటుకు ఇరవై నాలుగు మైళ్లు. బజారుకెళ్తే "మొండన్న వస్తుండు" అని దారిచ్చేవాళ్లు. పోతయ్య వచ్చాక అందరికీ వాడి కాళ్ల ముచ్చటే. ఆఖరికి నా పెళ్లాం సోమమ్మ కూడా, "గాయన ఉరుకుడు చూసినవా? కాలు నేలకే తాకది!" అంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఎనభై రెండులో మేనేజరు కొత్త మాట చెప్పాడు. ఫస్టు వచ్చినవాడు బదిలీ కూలీ అయితే పర్మినెంటు చేస్తారట. పోతయ్య ఆ కబురు పట్టుకుని నా దగ్గరికే పరిగెత్తుకొచ్చాడు.

"అన్నా, గిది దొరికితే పెండ్లాం పిల్లల్ని తెచ్చుకుంట."

"ఉరుకు తమ్మీ, ఎవడొద్దన్నడు?" అన్నాను.

పరుగు రోజు మొదటి గుట్ట దిగేసరికి ముందు మేమిద్దరమే. వాగు దగ్గర వాడి కాల్లో ముల్లు దిగితే ఆగాడు. నేను ఆగలేదు. రెండో గుట్ట మీద వెనక్కి చూస్తే, అప్పుడే లేచి వస్తున్నాడు. నాకేమో దమ్ము అయిపోతోంది. ఇంకో మైలులో అందుకుంటాడు, సందేహం లేదు.

పైన బాట రెండుగా చీలుతుంది. పరుగు దారి చూపే సున్నం గుర్తు కుడివైపుకి. ఎడమ బాట గుట్టంతా తిరిగి నాలుగు మైళ్లు ఎక్కువ. నేను తునికి మండ ఒకటి విరిచి కుడి బాటకు అడ్డంగా పడేసి, దాన్ని దాటుకుని అదే బాటన ఉరికాను. అడవిలో బాటకు అడ్డంగా పచ్చి మండ ఉంటే, ముందు ఆపద ఉంది, పోవద్దని అర్థం. ఆ సంగతి నాకు నేర్పింది పోతయ్యే.

ఫస్టు వచ్చాను. వాడు రెండోవాడుగా వస్తాడనుకుంటే, వేరేవాడెవడో వచ్చాడు. తర్వాత ఇంకొకడు. అలా పదకొండు మంది, అందరిదీ ఒకటే మాట: "అటు పోవద్దని పోతన్న ఆపిండు." పొద్దుగూకే వేళకు అందరికన్నా చివర పోతయ్య కుంటుకుంటూ వచ్చి నా చేతులు పట్టుకున్నాడు.

"నువ్వు మండ ఎయ్యకుంటే ఎవడో ఒకడు పోతుండె అన్నా. వెనక వచ్చేటోళ్లకు ఆ గుర్తు ఎరుకలేదు గదా, అందర్నీ దాటించి వచ్చిన. ఏముండె ఆడ?"

"ఎలుగు," అన్నాను.

జనం నన్ను భుజాలకెత్తుకున్నారు. నేను ముందే పర్మినెంటు కాబట్టి ఆ ఉద్యోగం ఎవరికీ దక్కలేదు. మరుసటి ఏడు మేనేజరు ఆ మాటే ఎత్తలేదు.

రెండు నెలలకు పోతయ్య ఊరికి వెళ్లిపోయాడు. పోయే ముందు మా ఇంటికొచ్చి సోమమ్మతో, "వదినా, అన్న దేవుడసొంటోడు" అన్నాడు. సిగ్గుతో చావాలి కదా నేను? చావలేదు. ఒక మనిషిని అంతలా నమ్మడం వాడికెట్లా చేతనైందో, నాకెందుకు కాలేదో అని, గడపలో నిలబడి అప్పుడు కూడా వాడి మీద కుళ్లుకున్నాను.