చూసినవాడి పీట

మా ఎదురింటి వకీలు గారు పోయారు. గోదావరిలో స్నానం చేసి వచ్చి, అరుగు మీద తడి ధోవతి ఆరేస్తూ అలాగే కూలబడిపోయారట. కబురు అందినప్పుడు నేను బడిలో నాలుగో తరగతికి లెక్కలు చెప్తున్నాను. కళ్ళలో నీళ్ళు తిరగడానికి ముందే నా మనసులో ఒక మాట మెదిలింది: ఇక ఆ పీట తీసేస్తారు. సిగ్గుమాలిన మాటే. కానీ అది ముందు ఒప్పుకోకుండా ఆయన మంచితనం గురించి రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

నాందేడులో ఆయనను మోటారు వకీలు అనేవారు. ఆయనకు మోటారు ఉండి కాదు, మోటార్ల కింద పడ్డవాళ్ళ దావాలు చూసేవారు కనుక. మా రోడ్ల మీదికి మోటార్లు కొత్తగా వచ్చిన రోజులవి. కాలో చెయ్యో పోయినవాడు తలరాత అనుకుని ఇంట్లో మంచం పట్టేవాడు. దానికి హర్జానా, అదే నష్టపరిహారం, అడగవచ్చనీ, అడిగితే అదాలతు వింటుందనీ మా చుట్టుపక్కల ఊళ్ళకు చెప్పింది ఈయనే. భోకర్ సంతలో జొన్నల బస్తాల మధ్య నిలబడి, వినేవాడు ఒక్కడున్నా చెప్పేవారు. తలపాగా చుట్టుకోవడం మాత్రం చివరిదాకా చేతకాలేదు. భార్య చుట్టి పంపితే, అదాలతుకు చేరేసరికి అది ఎడమ చెవి మీదికి దిగేది.

దెబ్బ తిన్నవాడు వచ్చి కట్టు విప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టేవారు. "పుండు నాకు సూపెట్టకు. పొద్దుగాల లేచి మొదాలు ఏం పని చేస్తుంటివో గది చెప్పు" అనేవారు. వాడు ఎద్దులకు కుడితి పెట్టడం దగ్గర మొదలుపెట్టి, అటక ఎక్కడం, కళ్ళం తొక్కడం, బిడ్డను భుజాన ఎత్తుకుని జాతరకు పోవడం దాకా చెప్పేవాడు. ఆయన అన్నీ తెలుగులో రాసుకుని, అదాలతుకు ఉర్దూలోకి మార్చి, ఆ ఉర్దూ కాగితాన్ని మళ్ళీ తెలుగులో వాడికి చదివి వినిపించేవారు. "అదాలతుకు కాలు పోయింది కనవడది పంతులూ, కాలు చేసే పని పోయింది కనవడాలె" అని నాతో అనేవారు.

ఇక ఆ పీట. ఆయన అరుగు మీద ఒక మూల టేకు పీట ఉండేది. ఎవరినీ కూర్చోనిచ్చేవారు కాదు. ఒకసారి సొంత బావమరిది కూర్చుంటే లేపి, కింద చాప పరిచారు. అది చూసినవాడి పీట. ప్రమాదం కళ్ళారా చూసినవాడు వచ్చి, కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. "చూసినోడు అదాలతుల బెదురుతడు, అరుగు మీద బెదురడు. ఎప్పటికైన అస్తడు" అనేవారు. చాలామంది వచ్చారు కూడా. ఒక ప్రమాదం చూసి కూడా, ఎదురింట్లో ఉన్న నేను మాత్రం పోలేదు.

ఆ ప్రమాదం రోజు నేను భోకర్ నుంచి మోటారులో వస్తున్నాను. ఆ మోటారు యజమాని సేఠు కొడుక్కి లెక్కలు చెప్పేవాణ్ణి కనుక డ్రైవరు పక్క సీటు నాది. ఆ సీటంటే నాకు ఎంత గర్వమో చెప్పలేను. కూర్చోగానే ఒళ్ళో పాన్‌డబ్బా తెరిచేవాణ్ణి. నేను కట్టిన ఆకు కోసం మా వీధిలో వకీలు గారితో సహా నలుగురు సాయంత్రం నా అరుగుకు చేరేవారు. ఆ మధ్యాహ్నం కూడా ఆకు కట్టి, డ్రైవరు వద్దన్నా, "ఒక్కటి తీస్కోరాదు" అని వాడి నోటి దగ్గరికి చెయ్యి చాపాను. వాడు ముఖం ఇటు తిప్పాడు. రోడ్డు ఎడమ అంచున ఒక ఎద్దుబండి ఆగి ఉంది. రైతు వంగి ఇరుసు చీల కొట్టుకుంటున్నాడు. భార్యతో మాహూర్ రేణుకమ్మ మొక్కుకు పోతున్నవాడు. మోటారు ఆ బండిని ఒరుసుకుని ఆగింది. అతని కుడి కాలు మోకాలి కింద నుజ్జయింది.

అతన్ని ఆస్పత్రికి తీసుకుపోయాక దగ్గరి ఊరి ఆడవాళ్ళు ఒక పని చేశారు. రేణుకమ్మ దగ్గరికి జనం నడిచే తోవ మీద నెత్తురు ఉండకూడదని, రోడ్డును ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కడిగి, పసుపు నీళ్ళు చల్లి, ముగ్గు వేశారు. మగవాళ్ళు విరిగిన బండిని తీసుకుపోయి నీడలో పెట్టారు. పోలీసు అమీను వచ్చి పంచనామా రాసే సమయానికి రోడ్డు గడపలా శుభ్రంగా ఉంది. బండి నడిరోడ్డు మీద ఉందని సేఠు మనుషులు అన్నారు. కాదనడానికి చక్రం గుర్తు లేదు, నెత్తురు మరక లేదు. దావా పట్టిన వకీలు గారు వారం తిరిగాక అదే వేళకు పోయి ఎండలో నిలబడి చూసి వచ్చారు. కడిగినవాళ్ళను పల్లెత్తు మాట అనలేదు. "అమ్మ తోవ కడిగిండ్రు, మంచి పనే. ఇగ కడగరానిది మనిషి కన్నొక్కటే ఉన్నది" అని నా వైపు చూశారు. "పంతులూ, మీరు ముంగటి సీట్లనే ఉంటిరి గద?"

"నిద్రపట్టింది వకీలు సాబ్. ఏం చూడలే" అన్నాను.

అదే మాట అదాలతులో ప్రమాణం చేసి చెప్పాను. ఆకు సంగతి బయటపడితే సీటు పోతుంది, సేఠు కోపంతో నౌకరీ పోతుంది అనుకున్నాను. అంతకంటే ఎక్కువగా, ఆ కాలు పోవడంలో నా చెయ్యి ఉందని నలుగురూ అంటారేమోనని భయపడ్డాను. వకీలు గారు ఒకే ప్రశ్న అడిగారు. "మోటరు గుద్దిన వక్తుల మీ చేతిల ఏమున్నది?" ఏమీ లేదన్నాను. ఆయన తలపాగా సర్దుకుని కూర్చున్నారు. దావా కొట్టేశారు.

ఆ సాయంత్రం ఆయన రారని తలుపు వేసుకున్నాను. ఎప్పటిలాగే వచ్చి తలుపు కొట్టారు. ఆకు కట్టిచ్చాను. నోట్లో వేసుకుని, "మీ చేతి ఆకు ఎవలైన కాదంటరా పంతులూ" అన్నారు. అంతే. ఆయనకు తెలుసని నాకు అప్పుడు తెలిసింది. మర్నాడు పంటినొప్పి వంక పెట్టి డబ్బా అటకెక్కించాను.

దావా ఓడినా ఆయన ఆ రైతును వదలలేదు. చంక కర్ర చేయించారు, పత్తి మిల్లు గేటు దగ్గర కూర్చుని చేసే పని ఇప్పించారు. ఏళ్ళు గడిచాయి. నన్ను మళ్ళీ అడగలేదు. పీట మాత్రం అక్కడే ఉంది. నేను దాని వైపు చూడకుండా బడికి పోవడం నేర్చుకున్నాను.

మొన్న దహనం అయి అందరూ వెళ్ళాక ఆ రైతు కర్ర ఊతంగా అరుగు మీద నిలబడి ఉన్నాడు. నన్ను చూసి భుజం మీది తువ్వాలతో పీట దుమ్ము దులిపాడు.

"రాండ్రి పంతులూ, కూసోండ్రి."

కూర్చున్నాను. "ఆనాడు నేను నిద్రపోలేదు" అన్నాను.

"ఎరుకే. మోటరు మీదికస్తుంటె తల ఎత్తిన. మీ చేతిల ఆకు కనవడ్డది. వకీలు సాబుకు అప్పుడే చెప్పిన."

"మరి అదాలతులో..."

"అడిగిండు గద. మీరు లేదంటిరి." అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "గా పీట తియ్యుండ్రి సాబ్ అని నేనే అన్న. ఉండనియ్యి, పంతులు అస్తడన్నడు."

నాకు ఏడుపు ఆగలేదు. తల ఎత్తితే ఎదురుగా మా ఇల్లు కనిపించింది. అరుగు, స్తంభం, రోజూ సాయంత్రం నేను ఆనుకుని కూర్చునే చోట గోడకు పడ్డ నూనె మరక. ఇక్కడి నుంచి నేను ఇంత స్పష్టంగా కనిపిస్తానని నాకు ఇన్నేళ్ళూ తెలియదు.